మా అత్త పెట్టని సీసా

అత్తను మెచ్చుకునే కోడలిని ఎక్కడా చూడలేదని మా గార్మెంట్స్‌లో ఆడవాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. అయితే ఇప్పుడు చూడండి అంటాను. బొమ్మనహళ్ళిలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఒక లైనుకు సూపర్‌వైజర్ని నేను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరవడమే నా ఉద్యోగం కాబట్టి, ఈ ఆశ నోట మంచిమాట అంత సులువుగా రాదని వాళ్లందరికీ తెలుసు. కానీ మా అత్త భాగీరథమ్మ పేరెత్తితే నాకు తెలియకుండానే తల ఎత్తి మాట్లాడతాను.

ఆమెను చూస్తే మీకేమీ అనిపించదు. మెయిన్‌రోడ్డు నుంచి మా సందులోకి తిరిగేచోట గోనెపట్టా పరుచుకుని సొప్పు అమ్ముతుంది. ఆకుకూరను మా బెంగుళూరు తెలుగులో సొప్పు అనే అంటాం. పొట్టి మనిషి, బుగ్గన ఎప్పుడూ వక్కాకు. బేరమాడేవాళ్లంటే గిట్టదు. "ఇంత కొత్తిమీరకి అన్ని మాటలేందమ్మా" అని కట్ట వెనక్కి లాక్కుంటుంది. ఆమె కూర్చునే చోటికి ఎదురుగా అపార్ట్‌మెంట్లు ఉన్నాయే, ఆ జాగాలో ఒకప్పుడు ఆమె వంగి రాగులు కోసింది. ఆ సంగతి చెప్పుకుని నిట్టూర్చగా నేనెప్పుడూ వినలేదు. ఆ అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌కు మాత్రం రోజూ ఒక కట్ట ఊరికే ఇస్తుంది, తన పట్టాకు ఎవరూ అడ్డం రాకుండా చూస్తాడని.

మా మామ మునినారాయణప్ప తాగి తాగి లివరు చెడి చనిపోయాడు. నేను కొత్త కోడలిగా ఉన్న రోజుల్లోనే అది జరిగింది. ఆయన తాగి ఇంట్లో గొడవ చేసిన మనిషి కాదు. తాగి నవ్వేవాడు, పాడేవాడు, నిద్రపోయేవాడు. అందుకే మా బంధువుల్లో ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు. పోయాక కూడా "దేవుడట్లాంటోడు, రెండు గుటకలు వేసుకుంటే ఏమైంది" అనే అన్నారు. రెండు గుటకలకు కడుపు కుండలా ఉబ్బుతుందా అని నేను అడగబోతే మా అత్త నా చెయ్యి గిల్లింది.

తరువాత మా ఆయన వంతు వచ్చింది. హేమంత్‌కుమార్ బొమ్మసంద్రలో ప్రెస్ మెషిన్ ఆపరేటరు. పని దగ్గర చెయ్యి చాలా శుద్ధం, అందుకే చాలాకాలం ఎవరికీ తెలియలేదు. సెకండ్ షిఫ్టు దిగాక నలుగురితో కలిసి మొదలైంది. కొన్నాళ్లకు ఆ నలుగురూ అక్కర్లేకపోయారు. ఆపైన పొద్దున లేవగానే పడకపోతే చెయ్యి వణికేది. మెషిన్ దగ్గర వణికే చెయ్యి అంటే వేళ్లు పోగొట్టుకోవడమే. ఆ భయంతోనే ఆయన మొదటిసారి చికిత్సకు ఒప్పుకున్నాడు.

మొదటిసారి, రెండోసారి, మూడోసారి. మూడుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది. "వాడికి మనసు గట్టిది కాదు" అని బంధువులు తేల్చేశారు. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే చూడండి.

మొదటిసారి ఆనేకల్లు అవతల ఒక సెంటర్లో చేర్చాం. అక్కడివాళ్లు బాగానే చూసుకున్నారు. ఆదివారం చూడ్డానికి పోతే ఆయన మా అత్త కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. రాగి ముద్ద లేదు, నిద్ర లేదు, నన్ను తీసుకుపో అన్నాడు. ఆ మొదటి రోజుల్లో అందరూ అలాగే ఏడుస్తారని సెంటర్లో చెప్పారు. మా అత్త వినలేదు. ఆటో మాట్లాడి కొడుకును వెంటబెట్టుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి వేడి ముద్ద, పప్పుసారు పెట్టింది. తిన్నాడు, రెండురోజులు పడుకున్నాడు, మూడోనాడు బయటికి పోయాడు.

రెండోసారి పెద్దాసుపత్రిలో చూపించాం. మాత్రలు ఇచ్చారు, వారం వారం వచ్చి చూపించుకోమన్నారు. చెయ్యి వణకడం ఆగింది. ముఖానికి కళ వచ్చింది. ఇల్లంతా పండగ చేసుకుంది. ఇంక రోగమే లేదు, మాత్రలు ఎందుకు, వేడి చేస్తాయి అని మా అత్త ఆ సంచి తీసి అటక మీద పెట్టింది. పైగా ఆసుపత్రికి పోయే రోజు ఫస్ట్ షిఫ్టు, ఆయన సూపర్‌వైజరు మొహం చిట్లించేవాడు. ఎందుకు సెలవని అడిగితే ఏం చెప్పాలి? ఒంట్లో బాగాలేదని ఎన్నిసార్లు చెప్పాలి? అలా ఒక వారం ఆగి, మరో వారం ఆగి, పూర్తిగా మానేశాడు.

మూడోసారి అదే ఆసుపత్రిలో వార్డులో చేర్చుకున్నారు. అది బాగా నడుస్తుండగా పెద్దల పండగ వచ్చింది.

మా వైపు పెద్దల పండగంటే చిన్న విషయం కాదు. మహాలయ అమావాస్యనాడు పోయినవాళ్ల ఫోటో ముందు అరిటాకు వేసి, వాళ్లకు బతికున్నప్పుడు ఏది ఇష్టమో అదంతా వడ్డిస్తారు. దాన్ని ఎడ అంటాం. ముద్ద, మాంసం కూర, వడలు, కజ్జికాయలు, కొత్త పంచె. బీడీ తాగేవాళ్లకు బీడీకట్ట. మందు తాగేవాళ్లకు మందు. వడ్డించి, టెంకాయ కొట్టి, అందరూ బయటికి వచ్చి తలుపు మూసేస్తారు. పెద్దలు లోపలికి వచ్చి తింటారని, మనుషుల కంట పడరని నమ్మకం. కాసేపటికి పెద్దకొడుకు తలుపు తట్టి తెరవాలి. ఎడలోది మొదటి ముద్ద, మొదటి గుక్క, ప్రసాదంగా అతడే తీసుకోవాలి.

మామకు పెట్టే బ్రాందీ సీసా ప్రతి ఏడూ మా అత్తే కొనుక్కొచ్చేది. నేను తెస్తాను కదా వదినా అని మామ తమ్ముడు పిళ్లప్ప ఎన్నిసార్లు అన్నా ఒప్పుకునేది కాదు. కొంగు నిండా కప్పుకుని, వైన్‌షాపు కిటికీ దగ్గర మగవాళ్ల మధ్య నిలబడి తన చేత్తోనే తెచ్చేది. ఇదేం పంతమో నాకు అర్థమయ్యేది కాదు. ఆ ఏడు కూడా తెచ్చింది. వార్డుకు పోయి, సంతకం పెట్టి, కొడుకును పిలుచుకొచ్చింది. తలుపు తెరిచాక గ్లాసు తీసి తన చేత్తోనే అతడికిచ్చింది. ఒక్క గుక్క, ప్రసాదం. మా ఆయన మళ్లీ వార్డుకు పోలేదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరి మనసు గట్టిది కాదు?

నాలుగోసారి పోయేసరికి డాక్టరు స్కానింగ్ చూసి మెల్లగా చెప్పాడు. లివరు మీద మచ్చలు మొదలయ్యాయి, ఇప్పుడు పూర్తిగా ఆపితే నిలబడుతుంది, ఇంకోసారి మొదలుపెడితే నేను మాట ఇవ్వలేను అన్నాడు. మా మామకు వచ్చిన జబ్బే అది.

వార్డులో రోగితోపాటు ఇంటిమనిషి ఒకరు ఉండాలి. నేను లైను వదిలిపెట్టి రాలేను. మా అత్త గోనెపట్టా మడిచి మంచం కింద పెట్టి, చాప, చెంబు పట్టుకుని వచ్చేసింది. అక్కడ సౌమ్య అని కౌన్సెలరు ఉంది. చిన్న వయసు, నెమ్మదైన గొంతు. కన్నడం ఆమెది, కానీ మాతో తెలుగులోనే మాట్లాడేది. నేను చూడ్డానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం మా ముగ్గురినీ కూర్చోబెట్టి, పోయిన మూడుసార్లూ ఎందుకు మానేశారని మా ఆయన్ని అడిగింది. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. నా తప్పే మేడమ్ అన్నాడు చివరికి.

ఆమె ఆ మాట పట్టించుకోకుండా మా అత్త వైపు తిరిగింది. "అమ్మా, ఆయన మానేసిన రోజు ఇంట్లో ఏం జరిగిందో మీరు చెప్పండి. ప్రతిసారిదీ చెప్పండి."

మా అత్త చెప్పడం మొదలుపెట్టింది. సెంటరుది చెప్పింది, ఆటోది చెప్పింది. మాత్రల సంచి గురించి చెప్పింది. పెద్దల పండగ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వక్కాకు నమలడం కూడా ఆగింది.

"మూడుసార్లూ నేనే కదమ్మా మాన్పించినా," అంది. "వాడు యాడ వదిలినాడు?"

సౌమ్య ఆమెను ఏమీ అనలేదు. చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుందమ్మా, ప్రేమతోనే జరుగుతుంది అని మాత్రం అంది. మా ఆయన తల ఎత్తి తల్లిని చూశాడు. తన తప్పు కానిది ఒకటి ఉందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

ఇంతలో మళ్లీ పెద్దల పండగ దగ్గరపడింది. పిళ్లప్ప మామ ఫోన్ల మీద ఫోన్లు. "పెద్దకొడుకు లేకుండా ఎడ ఎట్ల పెడతారు వదినా? మా అన్న ఆకలితో తిరిగిపోతాడు. ఒక్క పొద్దుకి పిలుచుకొని రా, మళ్ల వార్డులో విడుద్దాము." డాక్టరును అడిగితే, పోకపోతే మంచిదన్నాడు. పోవాల్సిందే అయితే సాయంత్రానికల్లా వార్డులో ఉండాలి, మందు ఉన్న చోట అడుగు పెట్టకూడదు అన్నాడు.

నాకు భయం పట్టుకుంది. ఈసారికి ఎడ మానేద్దాం అత్తా అన్నాను. నా నోటికి తగ్గట్టు ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాను, పోయినవాళ్ల కోసం ఉన్నవాణ్ణి పోగొట్టుకుంటామా అని. ఆమె కోప్పడలేదు. "మానితే వీనికి మనసులో ముల్లు ఉండిపోతుంది ఆశా. నా వల్ల నాయన పస్తుండాడే అని దానికే తాగుతాడు. పెట్టల్ల. ఎట్ల పెట్టల్లనో నేను చూసుకుంటా," అంది.

అమావాస్యనాడు పొద్దున మా ఆయన్ని తీసుకుని ఇంటికి వచ్చింది. ఇల్లంతా మసాలా వాసన. బంధువులు నిండిపోయారు. మామ ఫోటోకు చామంతి దండ వేసి, ముందు పెద్ద అరిటాకు పరిచాం. నేను వంటింట్లోంచి అందిస్తుంటే మా అత్త ఒక్కొక్కటే వడ్డించింది. పంచె పెట్టింది, బీడీకట్ట పెట్టింది. సీసా పెట్టేచోట ఒక ఇత్తడి చెంబు పెట్టింది. తొంగి చూస్తే మజ్జిగ. పైన కరివేపాకు రెబ్బ.

పిళ్లప్ప మామ చూడనే చూశాడు. ఎడలో వడ తక్కువైనా కనిపెట్టే మనిషాయన.

"మా అన్న గ్లాసు యాడ వదినా?"

"ఈ పొద్దు గ్లాసు లేదు."

"మర్చిపోయింటావులే. నేను తెచ్చినా." చొక్కా జేబులోంచి బ్రాందీ పాకెట్టు తీశాడు, పండ్లరసం డబ్బాలాంటి చిన్న అట్టపాకెట్టు. మా ఆయన చూపు దాని మీద పడింది. నేను వంటింటి గడపలో అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా అత్త లేచి నిలబడింది. పిళ్లప్ప మామ భుజం దాకా కూడా రాదు ఆమె.

"దాన్ని జేబులో పెట్టుకో పిళ్లప్పా. పోయినోళ్లకు ఏమి ఇష్టమో అది పెట్టల్ల అని కదా మన పెద్దోళ్లు చెప్పింది. కడాకు, పానం పోయే ముందర, మీ అన్న నోరు తెరిచి అడిగింది మజ్జిగ. నేను వంగి చెవి పెట్టి విన్నా. ఇన్నేండ్లూ మీరంతా చెప్పినారని ఆయన అడగనిది పెడతా వచ్చినా. ఈ పొద్దు అడిగింది పెట్టినా."

"నేనూ ఆసుపత్రిలోనే ఉంటినే. నాకు ఎప్పుడూ చెప్పలేదు నువ్వు."

"నువ్వు టీ తాగేకి కిందికి పోయింటివి. నువ్వు వచ్చేసరికి ఆయన పోయినాడు."

చచ్చిపోతూ మనిషి అడిగినదాన్ని కాదనే ధైర్యం మా బంధువుల్లో ఎవరికీ లేదు, పిళ్లప్ప మామకు అసలే లేదు. పాకెట్టును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. టెంకాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు, అందరం బయటికి వచ్చి తలుపు మూశాం.

సందులో నిలబడి కాచుకోవడం అంత కష్టంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. మా ఆయన పోయి పోయి చిన్నాయన పక్కనే నిలబడ్డాడు. పాకెట్టు మూల జేబులోంచి బయటికి కనబడుతూనే ఉంది. ఆయన చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు. నేను పోయి ఇద్దరి మధ్యలో దూరాను. పిళ్లప్ప మామ అయితే ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, మజ్జిగకు ఎవరన్నా వస్తారా అని. మా అత్త ఆ మాట విననట్టే కొడుకును పిలిచింది.

"అప్పా, ఈడికి రా. తలుపు నువ్వే కదా తట్టల్ల."

ఆయన దగ్గరికి పోతే మణికట్టు పట్టుకుంది. తలుపు తట్టేదాకా వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. లోపల దీపం నిలకడగా వెలుగుతోంది. మా ఆయన ఎడ ముందు మోకాళ్ల మీద కూర్చుని తండ్రి ఫోటోకు దణ్ణం పెట్టాడు. మజ్జిగ చెంబు రెండు చేతులతో ఎత్తాడు. ఒక్క గుక్క తాగితే చాలు. కానీ ఆయన దించకుండా అంతా తాగేశాడు, చొక్కా మీద కారుతున్నా ఆగలేదు. నాయనకు మజ్జిగంటే ఇష్టమని నాకు తెలియనే తెలియదమ్మా అన్నాడు. చేతులు వణకలేదు, నేను చూశాను.

అందరికీ భోజనాలు వడ్డించాం. పిళ్లప్ప మామ అలిగాడు. అలిగి కూడా మాంసం కూర మూడుసార్లు వేయించుకున్నాడు. మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి సంచి భుజానికి తగిలించుకుని తల్లి ముందు నిలబడ్డాడు.

"పోదామా అమ్మా? బస్సులు రష్ అయిపోతాయి."

నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను. మూడుసార్లూ మేమే ఆయన చికిత్స మాన్పించాం. ఆయనంతట ఆయనే వెనక్కి పోతాననడం అదే మొదలు. అది సంతోషమో గర్వమో అప్పుడు తెలియలేదు, ఇప్పుడైతే గర్వమనే చెప్తాను.

వార్డులో సగం మంచాలు ఖాళీగా ఉన్నాయట. పండగకు పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. వాళ్లను కూడా ఎవరో ప్రేమగానే పిలుచుకుపోయి ఉంటారు. మా అత్త, కొడుకు లోపలికి రావడం చూసి నర్సమ్మగారు కుర్చీలోంచి లేచి మరీ పలకరించిందని, మా అత్త ఆమెకు కజ్జికాయలు ఇచ్చిందని తరువాత తెలిసింది.

మా ఆయన చికిత్స పూర్తి చేసుకుని వచ్చాడు. మాత్రల సంచి ఇప్పుడు అటక మీద లేదు, దేవుడి గూట్లో ఉంది. సూపర్‌వైజరు దగ్గరికి తనే పోయి, తాగుడు మానడానికి ఆసుపత్రికి పోతున్నాను సార్, ఆ రోజు నాకు సెకండ్ షిఫ్టు వెయ్యండి అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మనిషి కాసేపు చూసి, మా బామ్మర్దికి కూడా ఆ ఆసుపత్రి అడ్రసు చెప్తావా అన్నాడట. రేపేమవుతుందో నాకు తెలియదు. కొన్ని సాయంత్రాలు ఆయన మాటా పలుకూ లేకుండా సందు చివర దాకా నడిచి తిరిగి వస్తాడు. తిరిగి వస్తాడు, అది నాకు చాలు.

చివరగా ఒక సంగతి. పిళ్లప్ప మామ చదివింది కన్నడ బడిలో. తెలుగు మాట్లాడతాడే గానీ చదవలేడు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మొన్న ఆదివారం పొద్దున నేనూ మా అత్తా వాకిట్లో కూర్చుని మెంతిసొప్పు కట్టలు కడుతున్నాం. మనసులో ఎప్పటినుంచో ఉన్నది అడిగేశాను. "మామ కడాకు మజ్జిగ అడిగిన సంగతి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదత్తా?"

ఆమె చేతిలో కట్ట ముడి వేసి పక్కన పెట్టింది.

"మజ్జిగ యాడ అడిగినాడు? బ్రాందీ అడిగినాడు. నా చెయ్యి పట్టుకొని ఒక్క గుక్క ఇయ్యవే భాగీ అని అడిగినాడు. డాక్టరు వద్దనినాడు కదా, నేను ఇయ్యలేదు. ఇంటికి పోయినాక ఇస్తాలే అంటిని. అట్లే చెయ్యి పట్టుకొనే పోయినాడు."

కొంగు కప్పుకుని వైన్‌షాపు ముందు నిలబడ్డ ఆమె నాకు కళ్లముందు కనిపించింది. ఇస్తానన్న మాట తీర్చడానికి ఏడాదికొకసారి అలా పోయి వచ్చేదన్నమాట. నేను మెంతి కాడలు సర్దుతూ ఉండిపోయాను.

"ఈసారి కూడా అడిగింటాడు," అంది ఆమె. "సీసా యాడమే అని వెతుక్కునింటాడు. ఇయ్యలేదు. కొడుకును ఇడిసిపెట్టు అని చెప్పినా."

అరటినార పళ్లతో తెంపి ఇంకో కట్ట అందుకుంది. "చూస్తా కూర్చోవద్దు ఆశా, చెయ్యి ఆడించు. గిరాకీ వచ్చే పొద్దయింది."